తాళంచెవి ఎవరి కొంగున?

డబ్బు దాచే విద్యలో ఆడవాళ్ళకి ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. ఏ ఇంట్లో చూసినా డబ్బు రెండు చోట్ల ఉంటుంది. పాలవాడికీ, కూరలబండికీ, వేళాపాళా లేకుండా వచ్చే చందాలవాళ్ళకీ ఇవ్వడానికి పోపులపెట్టెలోనో, పప్పుడబ్బా అడుగునో కాస్త చిల్లర. నగలూ, దస్తావేజులూ, పిల్ల పెళ్ళికని కూడబెట్టిన సొమ్మూ వెనకగదిలో, ఇనప్పెట్టెలో. పోపులపెట్టె మీద ఇంట్లో ఎవరైనా చెయ్యి వెయ్యచ్చు. ఇనప్పెట్టె తాళంచెవి మాత్రం ఇల్లాలి కొంగున ఉంటుంది. పోపులపెట్టెలోంచి పోతే పదో పరకో పోతుంది. నాలుగు కేకలేసి ఊరుకుంటాం. ఇనప్పెట్టె పోతే కేకలు వెయ్యడానికి నోరే రాదు. ఈ ఏర్పాటు ఏ శాస్త్రంలోనూ రాసిలేదు. అమ్మని చూసి మనం నేర్చుకున్నాం, అమ్మమ్మని చూసి అమ్మ నేర్చుకుంది.

ఈ మాట ఇప్పుడెందుకు ఎత్తానంటారా? గడిచిన పదిహేనేళ్ళుగా ప్రపంచంలోని కంప్యూటర్ మేధావులు ఈ పోపులపెట్టె, ఇనప్పెట్టె న్యాయాన్నే ఓనమాల దగ్గర్నుంచీ కొత్తగా నేర్చుకుంటున్నారు. ఒక్కో పాఠానికి పడిన ఫీజు కోట్లలో ఉంది. చిత్రమేమిటంటే ఆ ఫీజు చాలాసార్లు కట్టింది వాళ్ళు కాదు, వాళ్ళని నమ్మి డబ్బు అప్పజెప్పినవాళ్ళు. బిట్‌కాయిన్ అనే కంప్యూటర్ డబ్బుని ఇంటర్నెట్ దుకాణానికి ముడిపెట్టిన కథ ఇది. పేరు చూసి పేజీ తిప్పెయ్యకండి. ఇందులో లెక్కలకంటే తాళాలే ఎక్కువ.

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో ఎవరో ఒక తొమ్మిది పేజీల వ్యాసం రాసి ఇంటర్నెట్‌లో నలుగురికీ పంచారు. 2009 జనవరి 3న ఆ వ్యాసంలో చెప్పిన డబ్బు పుట్టింది. ఆ పేరు వెనక ఉన్నది ఒక మనిషో, పదిమందో ఈనాటికీ తేలలేదు. వ్యాసంలోని ఊహ మాత్రం తేలిగ్గానే అర్థమవుతుంది. బ్యాంకు దగ్గర ఒక చిట్టా ఉంటుంది, అందులో మన లెక్క ఉంటుంది. ఆ చిట్టా బ్యాంకు ఒక్కటే రాస్తుంది. అలాకాకుండా అదే చిట్టా వేల కంప్యూటర్లలో ఏకకాలంలో ఉంటే? ఎవరు పడితే వాళ్ళు చదువుకోవచ్చు, ఏ ఒక్కరూ దొంగతనంగా దిద్దడానికి వీల్లేదు. అందులో మనుషుల పేర్లుండవు, చిరునామాలుంటాయి. ఫలానా చిరునామా నుంచి ఫలానా చిరునామాకి ఇన్ని నాణేలు వెళ్ళాయి అని రాసుంటుంది, అంతే. ఒక చిరునామాలోని నాణేలు కదపాలంటే దానికి సరిపోయే పెద్ద రహస్య సంఖ్య ఒకటి కావాలి. ఆ సంఖ్యతో సంతకం చేస్తేనే చిట్టా ఒప్పుకుంటుంది.

ఆ రహస్య సంఖ్యల్ని దాచిపెట్టే ప్రోగ్రాంని వాలెట్ అంటారు. మా అక్కయ్య కూతురు హైదరాబాదులో ఇలాంటి ప్రోగ్రాములు రాసే ఉద్యోగమే చేస్తోంది. "వాలెట్ అంటే పర్సే కదుటే, అందులో డబ్బు కాక ఇంకేముంటుంది?" అన్నాను.

"డబ్బుండదు పిన్నీ. ఉత్త తాళంచెవుల గుత్తి. డబ్బంతా ఆ చిట్టాలో ఊరందరికీ కనిపిస్తూనే ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గరుంటే డబ్బు వాళ్ళది" అంది.

"తాళంచెవి పారేసుకుంటే?"

"డబ్బు పోయినట్టే."

"దొంగ ఎత్తుకుపోతే?"

"దొంగదైనట్టే. మొరపెట్టుకోడానికి బ్యాంకు మేనేజరంటూ ఎవరూ లేరుగా మరి."

ఈ నాలుగు ముక్కలూ గుర్తుంటే మిగిలిన చరిత్రంతా అర్థమైపోతుంది.

మొదట్లో ఈ నాణేలు ఒకరికొకరు ఇచ్చుకోవడం చేతిపనిగానే సాగింది. 2009 జనవరి 12న సతోషి, హాల్ ఫిన్నీ అనే అమెరికన్ ప్రోగ్రామర్‌కి 10 నాణేలు పంపాడు. అదే మొదటి చెల్లింపు. 2010 మే 22న ఫ్లోరిడాలో లాస్లో హాన్యెజ్ అనే ఆయన రెండు పిజ్జాలకి 10,000 నాణేలు ఇచ్చాడు. ఆ పదివేల నాణేల విలువ తర్వాతి కాలంలో వందల కోట్ల రూపాయలైంది. అందుకే ఆ పిజ్జాల మాట తలుచుకోని ఏడు లేదు. కాని ఆ బేరంలో నాకు వింతగా తోచింది ధర కాదు. అది జరిగిన పద్ధతి. ఇంకెవరో పిజ్జా కొని ఆయనింటికి పంపారు, ఈయన తన కంప్యూటర్ ముందు కూచుని స్వయంగా నాణేలు పంపించాడు. అంటే ప్రతి చెల్లింపుకీ ఒక మనిషి పెట్టె ముందు కూచోవాలి.

దుకాణం ఇలా నడుస్తుందా? ఇంటర్నెట్ కొట్టుకి రాత్రీ పగలూ లేదు. మనం నిద్రపోయే వేళకి అమెరికాలో బేరాలు మొదలవుతాయి. కనక కొట్టులో గల్లా దగ్గర ఉండే ప్రోగ్రాం, అంటే వెబ్‌సైట్, లోపలిగదిలో తాళంచెవులు పట్టుకు కూచున్న వాలెట్‌తో తానే మాట్లాడుకోవాలి. ఆ ఏర్పాటు 2010 జులైలో వచ్చిన 0.3 అనే కూర్పులో అందరికీ అందింది. తెరమీద బొమ్మలేవీ లేకుండా, తెరవెనక నిశ్శబ్దంగా పనిచేసే వాలెట్ అది. వాలెట్ సర్వర్ అంటే ఇదే.

దీన్ని ఒక గుమాస్తా అనుకోండి. మొహం కనబడదు. గోడకి ఒక చిన్న కిటికీ ఉంటుంది, దాని నంబరు 8332. ఆ కిటికీలోంచి ఒక పద్ధతిలో రాసిన చీటీ అందిస్తే గుమాస్తా పని చేసి జవాబు చీటీ ఇస్తాడు. చీటీలు చాలా రకాలున్నా కొట్టువాడికి కావలసినవి ముఖ్యంగా మూడు. "డబ్బు పుచ్చుకోడానికి కొత్త చిరునామా ఒకటి ఇవ్వు" అనేది ఒకటి. "ఆ చిరునామాకి ఎంత వచ్చిందో చెప్పు" అనేది రెండు. "ఈ చిరునామాకి ఇంత పంపు" అనేది మూడు. మొదటి రెండింటివల్లా ఎవరికీ నష్టం లేదు. మూడోది ఇనప్పెట్టె తెరిచే చీటీ. మూడు చీటీలూ ఒకే కిటికీలోంచి, ఒకే గుమాస్తా దగ్గరికి వెళ్తాయి. ఈ కథలోని అనర్థాలకి చాలామటుకు మూలం ఇక్కడే ఉంది.

అసలు ఆ కిటికీకి మొదట్లో కాపలాయే లేదు. ఆ కంప్యూటర్లోనే ఉన్నవాళ్ళు మాత్రమే చీటీ ఇవ్వగలరు కదా, ఇంక భయమేమిటి అనుకున్నారు. కాని మనం కంప్యూటర్లో ఏదో ఒక వెబ్‌పేజీ తెరుస్తాం. ఆ పేజీలో దాగున్న నాలుగు వాక్యాల ప్రోగ్రాం మన ఇంట్లోంచే, మన కిటికీకే చీటీ అందించగలదు. చుట్టంలా ఇంట్లోకొచ్చి తలుపు గడియ తీసే దొంగన్నమాట. కొద్ది వారాల్లోనే ఈ సంగతి గ్రహించి, పాస్‌వర్డ్ చెప్పనిదే గుమాస్తా జవాబివ్వకూడదని కట్టడి చేశారు.

ఆ రోజుల్లోనే గావిన్ ఆండ్రెసన్ అనే ప్రోగ్రామర్ ఒక ముచ్చటైన వెబ్‌సైట్ పెట్టాడు. పేరు బిట్‌కాయిన్ ఫాసెట్, అంటే కుళాయి. సొంత నాణేలు 1,100 అందులో పోశాడు. వచ్చిన ప్రతివాడికీ 5 నాణేలు ఊరికే ఇచ్చేవాడు. జనానికి ఈ కొత్త డబ్బు అలవాటు కావాలని ఆయన తాపత్రయం. వీధిలో చలివేంద్రం పెట్టినట్టు. వెబ్‌సైట్ అడగడం, వాలెట్ ఇవ్వడం, మధ్యలో మనిషి ప్రమేయం లేకపోవడం. ఈ చలివేంద్రం సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

2011 నాటికి నాణేలకి ధర వచ్చింది. ధరతోపాటు దొంగలూ వచ్చారు. నిజానికి మొదటి పెద్ద దెబ్బల్లో ఒకటి దొంగలు కొట్టింది కూడా కాదు. పోలండులో బిటొమాట్ అనే పెద్ద మారకం కొట్టు ఉండేది. జనం తమ నాణేలు ఆ వెబ్‌సైట్‌కి అప్పజెప్పి అమ్ముకోవడం, కొనుక్కోవడం చేసేవాళ్ళు. ఆ కొట్టు వాలెట్ ఉన్నది అద్దెకి తీసుకున్న కంప్యూటర్లో. 2011 జులైలో ఆ కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ మొదలుపెట్టేసరికి అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. వాలెట్‌కి మరో నకలు లేదు. 17,000 నాణేలు గాలిలో కలిసిపోయాయి. కలిసిపోవడమంటే, చిట్టాలో అవి అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. తాళంచెవే లేదు. నూతిలో పడ్డ బిందె కనిపిస్తున్నా గాలం లేకపోతే ఏం లాభం?

ఆ ఏడు సెప్టెంబరులో వాలెట్‌ని రహస్య లిపిలో దాచే సౌకర్యం వచ్చింది. అప్పటిదాకా ఆ ఫైలు చేతికి దొరికితే చాలు, తాళాలన్నీ దొరికినట్టే. అయితే ఇంటికీ కొట్టుకీ తేడా ఉంది. ఇంట్లో మన వాలెట్‌కి పాస్‌వర్డ్ మన బుర్రలో ఉంటుంది. కొట్టులో గుమాస్తా అర్ధరాత్రి కూడా డబ్బు పంపాలి కనక ఆ పాస్‌వర్డ్ ఆ పక్కనే ఎక్కడో రాసిపెట్టి ఉంచాలి. తలుపుకి తాళం వేసి, తాళంచెవి గుమ్మం మీద పెట్టినట్టయింది. ఆ గుమ్మం మీద వెదకాలని దొంగకి తెలియదా?

2012 మార్చి 1న జరిగింది వినండి. అమెరికాలో కంప్యూటర్లు అద్దెకిచ్చే లినోడ్ అనే సంస్థలో, అద్దెదారులకి సాయం చేసే సిబ్బంది వాడే దారిలోంచి దొంగ జొరబడ్డాడు. ఏయే కంప్యూటర్లలో బిట్‌కాయిన్ వాలెట్లున్నాయో ఏరుకుని మరీ వాటినే దోచాడు. బిట్‌కాయినికా అనే కొట్టుకి 43 వేలకి పైగా నాణేలు పోయాయి. మరో సంస్థకి 3 వేలకి పైగా పోయాయి. అదే సంస్థ కంప్యూటర్లో మన గావిన్‌గారి చలివేంద్రం వాలెట్ కూడా ఉంది. దానికీ దొంగ చెయ్యి తగిలింది. ఆయనకి పోయినవెన్నో తెలుసా? అయిదు నాణేలు!

ఎందుకంటారు? ఆయన గొప్ప తాళం వేశాడని కాదు. అందరూ వేసిన తాళమే ఆయనా వేశాడు. ఆ వాలెట్‌లో ఆ పూట పంచిపెట్టడానికి సరిపడా చిల్లర తప్ప ఇంకేమీ లేదు. పోపులపెట్టెని పోపులపెట్టెలాగే వాడాడు. తక్కినవాళ్ళు పోపులపెట్టెలో ఇనప్పెట్టె సొమ్ము పెట్టారు. ఇంత చిన్న విషయమే ఆ రోజు 43 వేలకీ, అయిదుకీ మధ్య తేడా.

తర్వాత కాలంలో ఈ రెండు పెట్టెలకీ ఆ లోకంలో పేర్లొచ్చాయి. ఇంటర్నెట్‌కి తగిలించి ఉన్నదాన్ని వేడి వాలెట్ అనీ, అసలు ఇంటర్నెట్ మొహమే చూడకుండా విడిగా దాచినదాన్ని చల్ల వాలెట్ అనీ అంటున్నారు. పేర్లు కొత్తవే గాని వంటింటికి ఆ తేడా ఎప్పటినుంచో తెలుసు.

బిట్‌కాయినికాకి మాత్రం ఆ దెబ్బతో బుద్ధి రాలేదు. ఆ ఏడే మే నెలలో ఇంకో 18 వేల పైచిలుకు నాణేలు పోగొట్టుకుని మూతపడింది.

ఇక మౌంట్ గాక్స్ సంగతి. ఇది టోక్యోలోని మారకం కొట్టు. పేరు విని ఏదో పర్వతం అనుకునేరు. ఒక పేకాటలాంటి ఆట కార్డులు మారకం చేసుకునేందుకని ఎప్పుడో కొనిపెట్టుకున్న వెబ్‌సైట్ పేరది. జెడ్ మెకాలెబ్ అనే అమెరికన్ 2010 జులైలో అక్కడ బిట్‌కాయిన్ కొట్టు తెరిచి, 2011 మార్చిలో మార్క్ కార్పెలెస్ అనే ఫ్రెంచి యువకుడికి అమ్మేశాడు. 2013 నాటికి ప్రపంచంలోని బిట్‌కాయిన్ బేరాల్లో సుమారు 70 శాతం అక్కడే జరిగేవని అంచనా. జనం నమ్మకం అలా ఉండేది. 2014 ఫిబ్రవరిలో డబ్బు తిరిగివ్వడం ఉన్నట్టుండి ఆపేశారు. ఫిబ్రవరి 28న దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కారు. 8 లక్షల 50 వేల నాణేలు కనబడటం లేదని అప్పుడు బయటపెట్టారు. అందులో 7 లక్షల 50 వేలు ఖాతాదారులవి.

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయని సామెత. ఇక్కడ ఆర్నెల్లు కాదు. 2011 సెప్టెంబరు నుంచే వాలెట్లున్న సర్వర్‌లోకి దారి చేసుకుని దొంగలు విడతలు విడతలుగా నాణేలు తరలించారని, అలా పోయినవి కనీసం 6 లక్షల 47 వేలని 2023లో అమెరికా ప్రభుత్వం బయటపెట్టిన అభియోగ పత్రంలో ఉంది. అంటే కొట్టు కళకళలాడుతున్న రోజుల్లోనే లోపలిగది ఖాళీ అవుతోంది. వెబ్‌సైట్ తెరమీద ప్రతి ఖాతాదారుకీ తన నిలువ ఎంతో చక్కగా కనిపిస్తూనే ఉంది. అది కొట్టువాడి పుస్తకంలోని అంకె. పెట్టెలో ఉన్నది వేరు. రెండూ కలిపి చూసుకున్న నాథుడు లేడు. మూతపడ్డాక మార్చిలో ఒక పాత వాలెట్‌లో 2 లక్షల నాణేలు బయటపడ్డాయి! పాత ట్రంకుపెట్టెలో చీర మడతల్లో నోట్లు దొరికినట్టు. తమ దగ్గర ఎంత పోయిందో తెలియని కొట్టుకి ఎంత మిగిలిందో మాత్రం ఎలా తెలుస్తుంది?

ఆ మిగిలిన దానిలోంచి ఖాతాదారులకి నాణేలు పంచడం 2024 జులైలో మొదలైంది. పదేళ్ళు దాటిపోయాయి. ఆ పదేళ్ళలో ఎంతమంది పిల్లల చదువులు, ఎంతమంది పెళ్ళిళ్ళు, ఎంతమంది ఆసుపత్రి ఖర్చులు ఆ డబ్బు కోసం చూసి చూసి దాటిపోయాయో ఏ చిట్టాలోనూ ఉండదు.

అదే 2014 మార్చిలో కెనడాలో ఇంకో వింత జరిగింది. ఫ్లెక్స్‌కాయిన్ అనే సంస్థ ఉండేది. దొంగ అక్కడ తాళం పగలగొట్టలేదు, పాస్‌వర్డ్ దొంగిలించలేదు. తన ఖాతాలోంచి తనదే అయిన మరో ఖాతాకి డబ్బు బదిలీ చెయ్యమని అడిగాడు. ఒక్కసారి కాదు, ఒకే క్షణంలో వేలసార్లు. వెబ్‌సైట్ ప్రతి చీటీకీ ముందు నిలువ చూస్తుంది, ఉంటే సరేనంటుంది, తర్వాత పుస్తకంలో తగ్గించి రాస్తుంది. చూడటానికీ, రాయడానికీ మధ్య ఉన్న రెప్పపాటులోనే మిగిలిన చీటీలన్నీ దూరాయి. మనకి తెలిసిన భాషలో చెప్పాలంటే, అల్మైరాలో ఒక్క వందకాగితమే ఉంది. పెద్దాడు వచ్చి "అమ్మా, వంద తీసుకోనా?" అంటాడు, ఉందిగా తీసుకో అంటుంది. వాడు అల్మైరా దాకా వెళ్ళేలోపు చిన్నాడు అడుగుతాడు, ఉందిగా అంటుంది. మూడోవాడు కూడా అడుగుతాడు. ముగ్గురికీ మాటిచ్చేసింది. ఇంట్లో అయితే నవ్వుకుంటాం. అక్కడ వేడి వాలెట్‌లోని 896 నాణేలూ ఊడ్చుకుపోయాయి, సంస్థ మూతపడింది. చల్ల వాలెట్‌లో దాచుకున్నవాళ్ళ సొమ్ము మాత్రం చెక్కుచెదరలేదు.

ఇన్ని దెబ్బలు తిన్నాక తెలివి రాకుండా ఉంటుందా? వచ్చింది. వచ్చిన మార్పుల్లో నాకు అన్నిటికంటే నచ్చినది ఒకటుంది. 2012లో పీటర్ వూలె అనే ప్రోగ్రామర్ ప్రతిపాదించిన పద్ధతిలో తాళంచెవుల్ని రెండు వంశాలుగా విడదీశారు. ఒక మూల తాళంచెవి లోపలెక్కడో భద్రంగా ఉంటుంది. దాని నీడలాంటి అంకె ఒకటి తీసి వెబ్‌సైట్‌కి ఇస్తారు. ఆ నీడతో ఎన్ని కొత్త చిరునామాలైనా పుట్టించి కొనేవాళ్ళకి ఇవ్వచ్చు, వచ్చిన డబ్బు లెక్క చూసుకోవచ్చు. ఒక్క నాణెం కూడా బయటికి తియ్యడానికి మాత్రం ఆ నీడ పనికిరాదు.

ఇది వినగానే నాకు తిరుపతి హుండీ గుర్తొచ్చింది. వెయ్యడానికి ఎవరైనా వెయ్యచ్చు. కోట్లు పడతాయి. వేసే నోటిలోంచి తియ్యడానికి చెయ్యి పట్టదు. తెరిచే పని వేరేచోట, వేరేవాళ్ళు, నలుగురి ఎదుట చేస్తారు. సరుకు అమ్ముకునే వెబ్‌సైట్‌కి కావలసింది అదే. దానికి పుచ్చుకునే పనే గాని ఇచ్చే పని ఎక్కడిది? అయినా మొదట్లో పుచ్చుకునే కిటికీ, ఇచ్చే కిటికీ ఒక్కటిగా పెట్టారు. 2017లో నికొలాస్ డోరియే మొదలుపెట్టిన బీటీసీపే సర్వర్ అనే ఉచిత ప్రోగ్రాం ఇలాంటి హుండీ పద్ధతినే కొట్టువాళ్ళకి సుళువు చేసింది. కొట్టుమీద దొంగ పడినా గల్లాలో చిరునామాలు తప్ప ఏమీ దొరకవు.

ఇచ్చే పని కూడా ఉన్నవాళ్ళకి మరో ఉపాయం వచ్చింది. బ్యాంకు లాకరు చూశారుగా. మన తాళంచెవి ఒక్కటీ చాలదు, బ్యాంకువాళ్ళదీ పడాలి. అలాగే ఇద్దరో ముగ్గురో సంతకం పెడితేనే నాణేలు కదిలే ఏర్పాటు 2012 నుంచీ వాడుకలోకి వచ్చింది.

ఒక్కడి చేతిలో తాళంచెవి ఉంటే ఏమవుతుందో చెప్పే ఉదంతం మన దేశంలోనే ముగిసింది. క్వాడ్రిగా అనే కెనడా మారకం కొట్టు అధిపతి జెరాల్డ్ కాటన్, 30 ఏళ్ళవాడు, 2018 డిసెంబరు 9న జైపూరులో ఆసుపత్రిలో చనిపోయాడు. తాళంచెవులన్నీ ఆయనొక్కడికే తెలుసన్నారు. సుమారు 76 వేలమంది ఖాతాదారులు లబోదిబోమన్నారు. కూపీ తీస్తే చల్ల వాలెట్లు అంతకుముందే ఖాళీగా ఉన్నాయని తేలింది. ఆయన బతికుండగానే ఖాతాదారుల సొమ్ముతో జూదమాడినట్టు బేరాలు చేసి పోగొట్టాడని 2020లో ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ తేల్చింది. కంచే చేను మేసిందన్నమాట.

సరే, రెండు పెట్టెలు పెట్టారు, నాలుగు తాళాలు వేశారు. ఇక బెంగ తీరిందా అంటే తీరలేదు. 2024 జులై 18న మన దేశపు వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 2,000 కోట్ల రూపాయల విలువైన నాణేలు పోయాయి. అక్కడ ఒక్క తాళం కాదు, నాలుగు సంతకాలు పడితేనే డబ్బు కదిలేది. నాలుగూ పడ్డాయి! సంతకం పెట్టేవాళ్ళకి తెరమీద కనిపించినదొకటి, నిజంగా సంతకం పడినది మరొకటి అని సంస్థ చెప్పుకుంది. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే మరో కొట్టుకి ఇంచుమించు 150 కోట్ల డాలర్ల నష్టం జరిగింది. అక్కడా అంతే. వాలెట్‌కీ మనిషికీ మధ్యనున్న వెబ్ అప్లికేషన్లో దొంగలు తమ ప్రోగ్రాం కొంచెం కలిపారు. తెరమీద మామూలు బదిలీలాగే కనిపించింది. అధికారులు చూసి, సరేనని సంతకాలు పెట్టారు. పెట్టెలోది మొత్తం దొంగల పరమైంది. అది ఉత్తర కొరియా వాళ్ళ పని అని అమెరికా పోలీసు సంస్థ ఎఫ్‌బీఐ ప్రకటించింది.

ఈ మాట విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. మన ఊళ్ళలో చదువురాని ఆడవాళ్ళ పొలాలు ఎలా పోయాయో మనకి తెలియనిదా? మరిదో, కరణమో కాగితం తెచ్చి, "ఏంలేదమ్మా, పన్ను కాగితం" అని చదివి వినిపించేవాడు. ఆవిడ వేలిముద్ర వేసేది. కాగితంలో ఉన్నది అమ్మకం. వేలిముద్ర ఆవిడదే, దొంగ సంతకం కాదు, కోర్టులో చెల్లుతుంది కూడా. చదివి వినిపించినవాడిదే మోసం. ఇన్నేళ్ళ తర్వాత, ఇన్ని చదువులు చదివినవాళ్ళు, కోట్ల కొట్టులో కూచుని చేసింది అచ్చంగా ఆ వేలిముద్రే. వెబ్‌సైట్ చదివి వినిపించింది, వాళ్ళు వేలు పెట్టారు.

అందుకని ఇప్పుడు జాగ్రత్తపరులు తాళంచెవిని ఒక చిన్న విడి యంత్రంలో పెట్టి, ఎంత, ఎవరికి పంపుతున్నదీ ఆ యంత్రపు సొంత తెరమీద చదువుకుని మరీ సంతకం చెయ్యమంటున్నారు. ఎవరో చదివి వినిపిస్తే నమ్మవద్దు, నువ్వే చదువుకో అని దానర్థం. ఆడపిల్లకి అక్షరం ఎందుకని అడిగినవాళ్ళకి మన పెద్దవాళ్ళు చెప్పిన జవాబు కూడా ఇదే.

ఈ నాణేలు కొనమని గాని, వద్దని గాని చెప్పడం నా ఉద్దేశం కాదు. మన దేశంలో వీటి లాభం మీద 2022 నుంచీ 30 శాతం పన్ను ఉంది. బ్యాంకు మునిగితే డిపాజిట్‌కి 5 లక్షల దాకా బీమా ఇచ్చే ఏర్పాటు 2020 నుంచీ ఉంది గాని, ఈ కొట్లలో ఉంచిన నాణేలకి ఆ బీమా వర్తించదు. ఆ తేడా తెలిసుండాలి. ఉద్యోగం చేసే పిల్లలు జీతంలోంచి కొంత తీసి ఫోనులోని ఏదో ఒక కొట్టులో వేస్తున్నారు. రాత్రి భోజనాల దగ్గర ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. "నీకు తెలియదులే అమ్మా" అని దాటెయ్యాలని చూస్తారు. మజ్జిగ పోస్తూ ఊరికే అడగండి. "నాయనా, తాళంచెవి ఎవరి దగ్గరుంది? నీ దగ్గరా, వాళ్ళ దగ్గరా? పోపులపెట్టెలో ఎంత, ఇనప్పెట్టెలో ఎంత పెడతారు వాళ్ళు? తెరమీద అంకె సరే, పెట్టె తెరిచి లెక్క చూసేదెవరు?"

వాడు తెల్లబోయి చూస్తాడు. జవాబు తెలిస్తే చెబుతాడు. తెలియకపోతే చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళి తెలుసుకుంటాడు. ఎలా జరిగినా మజ్జిగ వృథా కాదు.